చల్లారాక చిట్లే గాజు: ఫ్యూజ్డ్ గ్లాస్ నగల పనిలో అసలు కిటుకు

ఉమ్మడి నెల్లూరు జిల్లాలో గూడూరు దాటి చిల్లకూరు, కోట మండలాల వైపు వెళ్తే తెల్లటి ఇసుక గుట్టలు కనిపిస్తాయి. అది ఇల్లు కట్టే ఇసుక కాదు, సిలికా. లారీలకెక్కి గాజు ఫ్యాక్టరీలకూ ఫౌండ్రీలకూ పోతుంది. గాజుతో నగలు చేస్తానని చెప్పగానే నెల్లూరులో ఎక్కువమంది అడిగేది దీని గురించే. "ఇసుక మన దగ్గరే ఉంది కదమ్మా, ఇక్కడే కరిగించి చేసుకోకూడదా?" న్యాయమైన ప్రశ్న. జవాబు తెలిస్తే ఈ పనిలో సగం చిక్కు విడిపోతుంది.

సిలికా ఒక్కటే కరగాలంటే సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ కావాలి. సోడా కలిపితే ఆ వేడి తగ్గుతుంది, కానీ సోడా మాత్రమే కలిపిన గాజు నీళ్ళకు కరిగిపోతుంది. అందుకని సున్నం కూడా కలుపుతారు. మన కిటికీ అద్దంలో 70 శాతం పైన సిలికా, 13–14 శాతం సోడా, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం సున్నం, మెగ్నీషియా. ఇన్ని కలిపినా ఫ్యాక్టరీ కొలిమి దాదాపు 1,500 డిగ్రీల దాకా మండాలి, రాత్రీ పగలూ ఆరకూడదు, కరిగిన గాజులో బుడగలన్నీ పైకి తేలిపోయేదాకా ఆగాలి. ఒక మనిషి ఇంట్లో చేసే పని కాదది. ఫ్యూజింగ్, అంటే గాజు ముక్కల్ని వేడితో అతికించే పని చేసే ఆర్టిస్టు ఇసుకతో మొదలుపెట్టరు. ఇసుక పని అయిపోయాక, తయారైన గాజు పలకతో మొదలుపెడతారు. ఆ పలక మెత్తబడి ఇంకో పలకతో కలిసిపోవడానికి 800 డిగ్రీల ప్రాంతం చాలు. చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ (కరెంటు బట్టీ) ఒకటి, 15 ఆంపియర్ల ప్లగ్గు ఒకటి ఉంటే ఆ వేడి ఇంట్లోనే వస్తుంది.

మంచు గడ్డకు ఉన్నట్టు గాజుకు ఒక ఖచ్చితమైన కరిగే బిందువు ఉండదు. అది మెల్లగా మెత్తబడుతూ పోతుంది. సుమారు 650 డిగ్రీల దగ్గర కింద అచ్చు పెడితే దాంట్లోకి వంగుతుంది. 730–760 దగ్గర రెండు ముక్కలు అంటుకుంటాయి, కానీ వాటి ఆకారం తెలుస్తూనే ఉంటుంది. 800 దాటితే ఒకదాంట్లో ఒకటి పూర్తిగా దిగిపోయి పైభాగం నున్నగా అవుతుంది. మన పల్లెల్లో పిల్లలు ఈ సంగతి ఏ పుస్తకం చదవకుండానే కనిపెట్టారు. విరిగిన చేతి గాజుల ముక్కల్ని దీపం మంట మీద పట్టుకుని, మెత్తబడగానే కొసలు వంచి ఒకదాంట్లో ఒకటి గుచ్చి గొలుసులు చేసేవాళ్ళు. ఆ గొలుసులు చాలావరకు చిట్లలేదు. నేర్పున్న పెద్దవాళ్ళు కిల్న్‌లో చేసిన లాకెట్ మాత్రం నాలుగో రోజు బల్ల మీద ఊరికే ఉండి రెండు ముక్కలవుతుంది. ఈ తేడా ఎందుకొస్తుందో అర్థం చేసుకోవడమే ఈ కళలో అసలు చదువు.

ముందు దారుల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే గాజు నగ అనగానే అందరూ ఒకే పని ఊహించుకుంటారు. నెల్లూరుకు దక్షిణాన, ఏర్పేడు దగ్గరి పాపానాయుడుపేటలో తరతరాలుగా సాగిన పూసల పని ఒక దారి. కొలిమిలో కరిగిన గాజు ముద్దను లాడా అనే బోలు ఇనుప గొట్టం సాయంతో పొడవాటి సన్నని గొట్టంగా సాగదీసి, దాన్ని చిన్న చిన్న ముక్కలుగా నరికి, మళ్ళీ వేడి చేసి అంచులు గుండ్రం చేస్తారు. పుదుచ్చేరి దగ్గర ఆరికమేడులో దొరికిన రెండు వేల ఏళ్ళ నాటి పూసలు కూడా సాగదీసి చేసినవే. ఆ పాత విద్యకూ పాపానాయుడుపేట పనికీ ఉన్న సంబంధాన్ని పూసల చరిత్రకారుడు పీటర్ ఫ్రాన్సిస్ వివరించారు. మన ప్రాంతానికి ఇంత దగ్గరలో ఇంత గొప్ప విద్య ఉందని చాలామందికి తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. మంగళసూత్రంలో నల్లపూసలు గుచ్చుకునే మనకు ఆ పూస ఎలా పుడుతుందో తెలిసి ఉండాలి.

రెండో దారి టార్చి. గ్యాసు, ఆక్సిజన్ కలిపిన మంటలో గాజు కడ్డీని కరిగిస్తూ, మట్టి పూత పూసిన ఉక్కు తీగ చుట్టూ తిప్పి పూస చేస్తారు. చెయ్యి ఎప్పుడూ తిరుగుతూ ఉండాలి, కన్ను మంట మీద ఉండాలి. గాజులోని సోడియం వల్ల మంటలో వచ్చే పసుపు వెలుగును ఆపే ప్రత్యేకమైన కళ్ళద్దాలు కావాలి. మూడోది కిల్న్ ఫ్యూజింగ్. ఇందులో కత్తిరించడం, పేర్చడం చల్లగా ఉన్నప్పుడే జరుగుతుంది, తలుపు మూశాక పనంతా వేడిని పెంచి దించే కంట్రోలర్‌దే. బొమ్మలు గీసేవాళ్ళు, రంగుల కూర్పు తెలిసినవాళ్ళు, బట్టల డిజైన్ల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా ఈ మూడో దారిలోకి వస్తారు. ఆలోచించుకోవడానికి, పేర్చింది మార్చుకోవడానికి ఇందులో టైం దొరుకుతుంది. ఈ దారి కొత్తదేమీ కాదు. కరిగిన గాజును గొట్టంతో ఊది పాత్రలు చెయ్యడం క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో మొదలైంది. అంతకుముందే ఈజిప్టులో, మధ్యధరా తీరంలో గాజు ముక్కల్ని పేర్చి వేడితో అతికించి పాత్రలు చేశారు. ఊదడం వచ్చాక ఆ పద్ధతి వెనకబడిపోయింది.

మళ్ళీ ఆర్టిస్టుల చేతికి గాజు వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. 1962లో అమెరికాలోని టోలెడోలో హార్వీ లిటిల్‌టన్ నడిపిన వర్క్‌షాపులతో ఫ్యాక్టరీ బయట, చిన్న కొలిమితో గాజు పని చెయ్యవచ్చని తేలింది. 1974లో పోర్ట్‌లాండ్‌లో బుల్సై అనే గాజు కంపెనీ మొదలైంది. దాని పేరు ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. ఒకదాంతో ఒకటి కలిపి కరిగించినా చిట్లని రంగు గాజుల్ని పరీక్షించి అమ్మడం అనే పద్ధతిని నిలబెట్టినవాళ్ళలో వాళ్ళు ముఖ్యులు. అంతవరకు ఫ్యూజింగ్ చేసేవాళ్ళకు ఏ రంగు ఏ రంగుతో కలుస్తుందో ముందే తెలిసే దారి దాదాపు లేదు.

కలవడం అంటే ఏమిటి? 800 డిగ్రీల దగ్గర మామూలు గాజులు ఏవైనా ఒకదాంతో ఒకటి అంటుకుంటాయి. ఆ వేడిలో రెండూ మెత్తగా ఉంటాయి కాబట్టి గొడవే ఉండదు. గొడవ దిగేటప్పుడు వస్తుంది. చల్లారుతున్నకొద్దీ ప్రతి గాజూ కుంచించుకుంటుంది, కానీ అన్నీ ఒకే లెక్కన కుంచించుకోవు. ఈ లెక్కనే వ్యాకోచ గుణకం అంటారు, పనిచేసేవాళ్ళు సీఓఈ అంటారు. 90 సీఓఈ గాజు అంటే మీటరు పొడవున్న పలక డిగ్రీకి 9 మైక్రాన్లు మారుతుందని అర్థం. బుల్సై గాజు 90, ఫ్యూజింగ్‌లో వాడే ఇంకో రకం 96, ఇటలీలోని మురానో కడ్డీలు 104, ల్యాబుల్లో బీకర్లు చేసే బోరోసిలికేట్ 33. కిటికీ అద్దం సుమారు 85 దగ్గర ఉంటుంది.

తేడా చూడ్డానికి చిన్నదే. 30 మిల్లీమీటర్ల లాకెట్‌లో 90 గాజు మీద 104 గాజు ముక్క అంటుకుందనుకోండి. గట్టిపడిన దగ్గర్నుంచి గది వేడి దాకా, అంటే సుమారు 450 డిగ్రీలు దిగేసరికి, రెంటి మధ్య వచ్చే తేడా మిల్లీమీటరులో యాభయ్యో వంతు. కంటికి కనపడదు. రబ్బరైతే ఆ తేడాను సాగి సర్దుకుంటుంది, రాగైతే వంగి సర్దుకుంటుంది. గాజు రెండూ చెయ్యదు. ఎక్కువ కుంచించుకోవాలనుకునే గాజు లోపలికి లాగుతుంది, తక్కువ కుంచించుకునేది అడ్డుపడుతుంది. ఒంగోలు గిత్తను, బక్కచిక్కిన ఎద్దును ఒకే కాడికి కట్టినట్టు ఉంటుంది పరిస్థితి. రెండూ ఒకే దారిలో నడుస్తున్నా కాడి మీద బలం ఎప్పుడూ పక్కకే లాగుతుంది. గాజు నొక్కుడుకు బాగా తట్టుకుంటుంది, లాగుడుకు తట్టుకోలేదు. అందుకే బీట ఎప్పుడూ లాగుడు ఉన్నచోట మొదలవుతుంది. గంటకు రావచ్చు, వారానికి రావచ్చు, కొన్నవాళ్ళు మెళ్ళో వేసుకుని ఏసీ గదిలోంచి ఎండలోకి రాగానే రావచ్చు.

పిల్లల గాజు గొలుసు ఎందుకు నిలబడిందో ఇప్పుడు చెప్పవచ్చు. అందులో ఒక ముక్క ఇంకో ముక్కకు అతుక్కోలేదు, గుచ్చుకుంది అంతే. ప్రతి ముక్కా తనకు తాను ఒకే గాజు, పైగా సన్నం. సన్నని కడ్డీ లోపలా బయటా దాదాపు ఒకే వేగంతో చల్లారుతుంది.

ఇక్కడే రెండో చిక్కు ఉంది, చాలామంది దీన్ని మొదటిదాంతో కలిపేస్తారు. ఒకే పలకలోంచి కోసిన రెండు ముక్కల్ని కలిపినా, తొందరగా చల్లారిస్తే చిట్లుతుంది. పైపొర ముందు గట్టిపడిపోతుంది, లోపలి భాగం ఇంకా వేడిగా ఉంటుంది. తర్వాత లోపలిది కుంచించుకోబోతే, అప్పటికే బిగిసిన పైపొర దాన్ని వదలదు. ఆ లాగుడు గాజులోనే ఉండిపోతుంది. దీనికి మందు అనీలింగ్. గాజు గట్టిగా ఉంటూనే లోపలి ఒత్తిడిని వదిలించుకోగల వేడి ఒకటుంది. బుల్సైకి అది 482 డిగ్రీలు, కిటికీ అద్దానికి ఇంకా ఎక్కువ, 540–560 ప్రాంతం. ఆ వేడి దగ్గర ముక్కంతా ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆపి, అక్కడి నుంచి మెల్లగా దింపాలి. 6 మిల్లీమీటర్ల లాకెట్‌కు గంట ఆపి, మొదటి వంద డిగ్రీలు గంటకు 80 డిగ్రీల లెక్కన దింపితే సరిపోతుంది. మందం రెట్టింపైతే కావలసిన సమయం రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలవుతుంది. లాకెట్ బాగా వచ్చిందని అదే షెడ్యూలుతో మందపాటి పేపర్‌వెయిట్ చేస్తే పగిలిపోయేది ఇందువల్లే.

మరి చిట్లిన ముక్క చేతిలో ఉన్నప్పుడు తప్పు గాజుల జతదా, చల్లార్చడానిదా అని ఎలా తెలుస్తుంది? దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఎల్‌సీడీ కంప్యూటర్ స్క్రీన్ నుంచి వచ్చే వెలుతురు ధ్రువీకృతమై (పోలరైజ్డ్), అంటే ఒకే దిశలో కంపిస్తూ ఉంటుంది. స్క్రీన్ మీద తెల్ల పేజీ తెరిచి, పోలరైజ్డ్ ఫిల్మ్ ముక్కను లేదా పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసును దాని ముందు తిప్పితే ఒక కోణంలో స్క్రీన్ నల్లబడుతుంది. ఆ రెంటి మధ్య గాజు ముక్కను పెట్టండి. ఒత్తిడి లేని గాజు కూడా నల్లగానే ఉంటుంది. ఒత్తిడి ఉన్నచోట తెల్లటి వెలుగు అంచు కనిపిస్తుంది. ఒక పారదర్శక పట్టీ మీద పరీక్షించాల్సిన రంగు ముక్క ఒకటి, ఆ పట్టీలోంచే కోసిన ముక్క ఒకటి పక్కపక్కన పెట్టి కాల్చాలి. రంగు ముక్క చుట్టూ మాత్రమే వెలుగు ఉంటే ఆ రెండు గాజులకు పొసగదు. సొంత ముక్క చుట్టూ కూడా వెలుగు ఉంటే అనీలింగ్ చాలలేదు. ఈ పని నేర్చుకునేవాళ్ళకు మొదట నేర్పాల్సింది ఈ పరీక్షే అని నా గట్టి అభిప్రాయం. డిజైన్లు తర్వాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.

సీఓఈ అంకె ఒకటే అయితే చాలనుకోవడం కూడా ప్రమాదమే. మెత్తబడే తీరు, అంటే వేడిలో ఎంత చిక్కగా ఉంటుందన్నది కూడా కలవాలి. ఒకే అంకె రాసిన రెండు కంపెనీల గాజులు పొసగకపోవడం ఉంది. పెట్టె మీది అంకె కంటే మన స్క్రీన్ మీది పరీక్షను నమ్ముకోవడం మంచిది.

ఇక్కడి నుంచి నెల్లూరు, ఒంగోలు వాళ్ళకు పనికొచ్చే మాట. పరీక్షించిన రంగు గాజు మన ఊళ్ళలో దొరకదు, తెప్పించుకోవాలి, రవాణాలో పగులుతుంది, ఖరీదు ఎక్కువ. మొదట్లోనే దానికోసం పరుగెత్తాల్సిన అవసరం లేదని నేనంటాను. అద్దాలు, అల్యూమినియం పని చేసే షాపుల్లో రోజూ కిటికీ అద్దం కోతలు మిగులుతాయి. "ముక్కలా? వాటితో ఏం చేస్తావమ్మా?" అంటూనే ఇస్తారు. "అన్నా, ఒకే షీటులోంచి వచ్చినవి విడిగా కట్టి ఇవ్వు" అని మాత్రం అడగాలి. ఒకే పలక తనతో తాను ఎప్పుడూ పొసుగుతుంది. కోయడం, పేర్చడం, కాల్చడం, చల్లార్చడం అన్నీ దాంతోనే నేర్చుకోవచ్చు. టఫెన్డ్ గ్లాస్ వద్దు, కట్టర్ పెట్టగానే గింజలుగా రాలిపోతుంది. కారు ముందు అద్దం మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, అదీ వద్దు. వెనక పూత ఉన్న అద్దం ముఖం చూసుకోవడానికే.

కిటికీ అద్దానికి ఒక గుణం ఉంది. దాన్ని కరిగిన తగరం మీద తేలించి తయారుచేస్తారు కాబట్టి ఒక వైపు తగరం జాడ ఉంటుంది. కిల్న్‌లో ఆ వైపు ఒక్కోసారి మసకబారుతుంది. షార్ట్‌వేవ్ యూవీ లైటు కింద ఆ వైపు పాలలా మెరుస్తుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. ఇంకో ఇబ్బంది డీవిట్. సుమారు 700–760 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే గాజు ఉపరితలం మీద స్ఫటికాలు ఏర్పడి తెల్లటి పొరలా పడుతుంది. వేలిముద్రల జిడ్డు, నీళ్ళలోని ఉప్పు దాన్ని మొదలుపెట్టిస్తాయి. మన తీరప్రాంతంలో బోరు నీళ్ళతో కడిగి ఎండబెడితే మిగిలే తెల్ల మచ్చలే చాలు. చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నూలు పోగులు రాలని గుడ్డతో తుడవాలి.

బీరు సీసాలు, విరిగిన చేతి గాజులు కూడా మొదట్లో ఊరిస్తాయి. సీసా అయితే ఒక సీసా ముక్కల్ని ఆ సీసా ముక్కలతోనే కలపాలి, పక్క సీసాతో కాదు. రొట్టెల పండుగ సమయంలో స్వర్ణాల చెరువు దగ్గర రాశులు పోసి అమ్మే రంగురంగుల గాజులు చూస్తే ఎవరికైనా చెయ్యి ఆగదు. కానీ ఒక్కో రంగు ఒక్కో బట్టీలో, ఒక్కో మిశ్రమంతో తయారై ఉండవచ్చు. పరీక్షించకుండా లాకెట్‌లో పెట్టి అమ్మకూడదు.

రంగు లేని అద్దంతో నగ ఏం చేస్తాం అంటారేమో. ఇక్కడ మన నేల సాయం చేస్తుంది. గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతం అభ్రకానికి పేరుపడ్డది, నెల్లూరు ఆకుపచ్చ అభ్రకం ప్రత్యేకంగా పేరున్నది. అభ్రకం గాజులో కరగదు. సన్నని రేకులు, పొడి రెండు పొరల మధ్య చిక్కుకుని మెరుస్తూ ఉండిపోతాయి. పెద్ద రేకు పెడితే మాత్రం ఆ మేర గాజు గాజుకు అంటుకోదు, గాలి చిక్కుకుని ఉబ్బుతుంది. కాబట్టి చిన్నగా, చెదరగా చల్లాలి. రాగి రేకు పెడితే మెరూన్ నుంచి నీలి పచ్చ దాకా రంగులు తేలతాయి, లోపలికి చేరిన గాలిని బట్టి. స్వచ్ఛమైన వెండి 961 డిగ్రీల దాకా కరగదు కాబట్టి రేకుగా లోపల పెట్టవచ్చు, చుట్టూ లేత పసుపు ఛాయ వస్తుంది. నగలకు వాడే 925 వెండిలో రాగి ఉంటుంది, అది నల్లబడుతుంది. ఎనామెల్ పొడులు మరో దారి. లోహం మీద మీనా పని కూడా గాజు పొడిని కరిగించి అతికించడమే. ఇది చేతిలో ఉన్న ఆచారులకు ఫ్యూజింగ్ పరాయి విద్య కాదు. వాళ్ళకు వేడి తెలుసు, రంగు మారడం తెలుసు. తెలుసుకోవాల్సింది మెల్లగా చల్లార్చడం ఒక్కటే.

ఆకారం విషయంలో గాజు సొంత మాట వింటుంది. పూర్తిగా మెత్తబడిన గాజు దాదాపు 6 మిల్లీమీటర్ల మందానికి వచ్చి ఆగుతుంది. 3 మిల్లీమీటర్ల పలక ఒక్కటే పెడితే అంచులు లోపలికి ముడుచుకుంటాయి. మూడు నాలుగు పొరలు పేరిస్తే బయటికి పాకుతుంది. రెండు పొరలు పెడితే గీసిన కొలతకు దగ్గరగా ఉంటుంది. ఇది నగకు ఇంకో లెక్క తెచ్చిపెడుతుంది. గాజు ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములు తూగుతుంది. 30 మిల్లీమీటర్ల పొడవు, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క 9 గ్రాములు. మెళ్ళో అది తెలియదు, చెవికి భారం. కమ్మలకు 15 మిల్లీమీటర్ల చదరం దాటకపోతే 3 గ్రాముల పైచిలుకుతో సరిపోతుంది.

కరెంటు సంగతి మన జిల్లాల్లో విడిగా చెప్పాలి. నవంబరు, డిసెంబరు తుపాన్లలో మధ్యలో కరెంటు పోవడం మామూలే. పోతే టెన్షన్ పడి కిల్న్ మూత తెరవకూడదు. లోపలి ఇటుకలో ఉన్న వేడి కొంతసేపు కాపాడుతుంది. కరెంటు వచ్చాక కొన్ని కంట్రోలర్లు ఆగినచోట నుంచి మొదలుపెడతాయి, కొన్ని ఆగిపోతాయి. కొనేముందు అడిగి తెలుసుకోవాల్సిన విషయం ఇది. అనీలింగ్ మధ్యలో చెడితే ముక్కను చల్లారనిచ్చి, తర్వాత చాలా మెల్లగా వేడెక్కించి, మళ్ళీ అనీల్ చెయ్యాలి. ఒత్తిడి ఉన్న గాజు వేడెక్కేటప్పుడు కూడా చిట్లుతుంది. వానాకాలంలో ఇంకో జాగ్రత్త ఉంది. గాజు అడుగున అంటుకోకుండా, కిల్న్‌లో దాన్ని పెట్టే పలకకు పూసే అల్యూమినా, చీనామట్టి పూత పూర్తిగా ఆరాలి. తేమ మిగిలితే ఆవిరై గాజు కింద బుడగగా లేస్తుంది.

అంచులు నున్నగా చెయ్యడానికి ఒంగోలు, చీమకుర్తి వైపు చూడమంటాను. గ్రానైట్ పాలిష్ చేసేవాళ్ళు నీళ్ళతో తిప్పే డైమండ్ ప్యాడ్‌లు, గరుకు నుంచి మెత్తదాకా వరుసగా, అక్కడ మామూలు సరుకు. అవే గాజుకు పనికొస్తాయి. ఒక వరుస గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి ప్యాడ్‌కు వెళ్ళాలి, మధ్యలో ఒకటి వదిలేస్తే చివరిదాకా ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది. ఎప్పుడూ తడిగానే రుద్దాలి. పొడి గాజు దుమ్ము, పూత గీకేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఎన్95 మాస్కు పెట్టుకోవాలి, వంటగదిలో ఈ పని చెయ్యకూడదు. ఎరుపు, నారింజ, పసుపు గాజుల్లో కొన్నింట్లో కాడ్మియం ఉంటుంది కాబట్టి ఈ మాట ఇంకా గట్టిగా చెబుతున్నాను.

గాజు ముక్క నగ అయ్యేది చివరి మెట్టులో. వెనక కొక్కెం జిగురుతో అతికించడం అందరూ చేసేదే, కానీ చెమట, ఎండ, తలస్నానం నీళ్ళు తగిలి ఊడిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. చౌక కొక్కేల్లో నికెల్ ఉంటే కొందరికి దద్దుర్లు వస్తాయి. రంధ్రం చెయ్యాలంటే డైమండ్ బిట్‌తో, నీళ్ళలో ముంచి, రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెం తొలవాలి. నాకు నచ్చేది వెండి గూడు. నెల్లూరు ఆచారి వీధిలో రాళ్ళు పొదిగే చేతులున్నాయి. గూడు, కొక్కెం, అతుకు పనంతా ముందే పూర్తి చేయించి, చివర్న గాజును చల్లగా కూర్చోబెట్టి వెండి అంచును దాని మీదికి ఒత్తించుకోవాలి. గాజు పెట్టాక మళ్ళీ టార్చి చూపించకూడదని వాళ్ళకు ముందే చెప్పాలి, ఎందుకంటే రాయికి అలవాటుపడిన చెయ్యి చిన్న అతుకేగా అని మంట పెట్టవచ్చు. ముక్క అంచు కింద వెడల్పుగా, పైకి వాలుగా ఉంటే ఒత్తుడు పట్టు బాగా దొరుకుతుంది. ఫ్యూజ్ చేసిన అంచు ఎటూ గుండ్రంగానే వస్తుంది కాబట్టి ఆచారికి ఇచ్చేముందు వెనక వైపు చదునుగా ఉందా లేదా అని మాత్రం చూసుకోవాలి. వెనక ఎత్తుపల్లాలుంటే ఒత్తేటప్పుడు బలమంతా ఒక్కచోటే పడి అక్కడే చిట్లుతుంది.